తీగె కలియుట, లెక్క కలియుట



మార్కాపురము, కంభము, గిద్దలూరుల మీదుగ బోవు గుంటూరు–గుంతకల్లు రైలుదారి చిరకాలము మీటరుగేజిదై యుండెను. అది వెడల్పు పట్టాలను గలిసికొను తావున సరకు నొక పెట్టెనుండి దింపి వేఱొక పెట్టెలో నెక్కింపవలసి వచ్చెడిది. పలకలవంటి పెళుసు సరకునకది యెంత చేటో మన ప్రాంతమువారికి జెప్ప నక్కఱలేదు. గత శతాబ్దపు తుదిదశకమున ఈ దారియు వెడల్పు పట్టాలదయ్యెను. కార్యాలయములలోని కంప్యూటర్లకును ఇట్టి కథయే కలదు.

1973లో అమెరికాయందలి పాలో ఆల్టో నగరమున, జెరాక్సు సంస్థవారి పరిశోధనాలయములో, రాబర్టు మెట్‌కాఫ్ అను నాతడు ఒక కార్యాలయమందలి యంత్రముల నన్నిటిని ఒకే తీగెతో గూర్చు నుపాయమును బ్రతిపాదించెను. దానికి ఈథర్‌నెట్ అని పేరు. (మన బజారులలో నకలు కాగితమును ‘జెరాక్సు’ అనుట ఈ సంస్థ పేరువలననే.) 1980లో ఆ సంస్థ డిజిటల్, ఇంటెల్ సంస్థలతో గూడి ఆ నియమములను బహిరంగముగ బ్రకటించెను. 1985లో ఐ.బి.ఎమ్. వారు టోకెన్ రింగ్ అను వేఱు పద్ధతిని దెచ్చిరి. ఒక పద్ధతి యంత్రము రెండవ పద్ధతి తీగెపై నేరుగ మాటలాడజాలదు. తుదకు పెక్కు సంస్థలు చేపట్టిన ఈథర్‌నెట్టే నిలిచినది.

తీగెల తగవు తీరినను వేఱొక చిక్కు మిగిలెను. 1998 నవంబరు 4వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయములలో ‘కార్డ్’ అను పథకము మొదలయ్యెను. దినములు పట్టెడి ఈ.సి. నిమిషములలో చేతికందజొచ్చెను. అది సామాన్యమైన మేలు కాదు. కాని దస్తావేజు రిజిస్టరైన పిదపను, అడంగలులో పేరు మార్పించుకొనుటకు రైతు రెవిన్యూ కచేరికి వేఱుగ నర్జీ పెట్టుకొనవలసియే యుండెను. ఒకచోట దస్తావేజు సంఖ్య ప్రధానము, ఒకచోట ఖాతా సంఖ్య. నేల యొక్కటే.

వర్తకమందును నిదే తీరు. మా మేనల్లునికి పలకల వ్యాపారము గలదు. సరకు నిల్వ వ్రాయు సాఫ్ట్‌వేరొకటి, బిల్లులు వ్రాయునది మఱొకటి. రెంటిని గలుపుటకు ఒక యువకుని బిలిపించెను. నిల్వపుస్తకము పెట్టెలను లెక్కించును. బిల్లుల పుస్తకము విడిపలకలను లెక్కించును. కలిపిన మఱునాడు నలువది పెట్టెలు నలువది పలకలయ్యెను! సరకు లేదని యంత్రము చెప్పగా, వచ్చిన గిరాకి వేఱొకరి పాలయ్యెను; ఆ నెల కూలీలకు జీతములు ఆలస్యమయ్యెను. ఆ యువకుడు, ‘‘కలుపుటలో తప్పేమియు లేదు మాస్టరుగారూ’’ అనెను. అతడనినది నిజమే.

వస్తుసేవల పన్ను 2017 జూలై 1న వచ్చిన పిదప సంఖ్యలు మఱింత ముఖ్యములైనవి. గని నుండి వచ్చిన రాయి 2514. చెక్కి సవరించినది 6803. పిల్లలు వ్రాసికొనునది 9610. మన నోట మూడును పలకలే.

కావున మేనల్లుడు, నేను దీపము ముందు గూర్చుండి, రెండు పుస్తకములలోని ప్రతి పదమును ఎదురెదురుగ కాగితముపై వ్రాసితిమి: ఏది పెట్టె, పెట్టెకెన్ని పలకలు, ఏ సరకునకే సంఖ్య. రెండు రాత్రులు పట్టినది. ఆ కాగితమును జూచియే యువకుడు మరల గలిపెను. ఈమాఱు లెక్క సరిపోయినది. పాతయేటి పెట్టెలు కొన్నింటిలో నెన్ని పలకలుండెనో మాత్రము ఇప్పటికిని దేలలేదు.