బీరువా తాళం

డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినన్నాళ్లూ బోర్డు మీద ముగ్గురు తత్వవేత్తలకి మూడు గళ్లు గీసేవాణ్ణి. మానవ స్వభావం అన్న వరుసలో హాబ్స్ కింద ‘స్వార్థపరుడు’, లాక్ కింద ‘వివేకి’, రూసో కింద ‘అమాయకుడు’. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఆ గళ్లు ఎంత అన్యాయమో రిటైరయ్యాక గాని తెలిసిరాలేదు. రూసో సంగతి ఇంకోసారి; ఆయన ఒక పట్టాన తెమలడు.

హాబ్స్ 1588 ఏప్రిల్ 5న ఇంగ్లండులో మామ్స్‌బరీ దగ్గర పుట్టాడు. స్పెయిన్ నౌకాదళం వచ్చిపడుతోందన్న పుకార్ల రోజులవి. తనూ భయమూ కవలలుగా పుట్టామని ముసలితనంలో చెప్పుకున్నాడు. తండ్రి పాదిరి. చర్చి వాకిట్లో మరో పాదిరి మీద చెయ్యిచేసుకుని ఊరొదిలి పారిపోయాడు. చేతితొడుగుల వ్యాపారం చేసే తండ్రి సోదరుడే కుర్రాణ్ణి ఆక్స్‌ఫర్డులో చదివించాడు. 1640లో రాజుకీ పార్లమెంటుకీ చెడగానే హాబ్స్ పారిస్ పారిపోయి పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. ప్రవాసంలో ఉన్న యువరాజుకి లెక్కలు చెప్పాడు. 1649లో లండన్‌లో ఆ యువరాజు తండ్రి తల తీశారు. 1651లో హాబ్స్ పుస్తకం ‘లెవియతాన్’ వచ్చింది.

అందులో నాకు నచ్చే వాదన తాళం గురించి. చట్టాలున్నా రాత్రిపూట తలుపు బిగించుకుంటాం, ఇంట్లో అంతా మనవాళ్లే అయినా పెట్టెకి తాళం వేస్తాం. మనిషిని తక్కువ చేశానని తన మీద కోప్పడేవాళ్లు ముందు ఆ తాళం సంగతి చెప్పాలంటాడు. ఒకసారి క్లాసులో అడిగాను, మీ ఇంట్లో బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయని. “మా నానమ్మ కొంగున సార్” అంది వెనకబెంచీ అమ్మాయి. “దొంగల భయమా, కోడళ్ల భయమా?” అన్నాడొకడు. ఆ ఒక్కరోజే హాబ్స్ వాళ్లకి పూర్తిగా అర్థమయ్యాడనుకుంటాను.

ఆ భయం పోవాలంటే ఎదురులేని పాలకుడు ఉండాలని ఇంత గట్టిగా చెప్పినవాడు రాజపక్షానికీ కొరుకుడు పడలేదు. అధికారం దేవుడిచ్చింది కాదు, ప్రాణభయంతో జనం ఇచ్చుకున్నది అన్నాడు మరి! 1665లో ప్లేగు, మరుసటేడు లండన్ తగలబడింది. ఇదంతా దేవుడి కోపమేనన్న భయంతో 1666లో కామన్స్ సభ నాస్తిక గ్రంథాల మీద విచారణ తలపెట్టి ‘లెవియతాన్’ పేరూ ఎత్తింది. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాయన తన కాగితాలు కొన్ని కాల్చేసుకున్నాడంటారు. 1679లో పోయాడు. నాలుగేళ్లకి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆయన పుస్తకాలను నిప్పుల్లో వేయించింది.

సరిగ్గా ఆ 1683లోనే లాక్ హాలండ్ పారిపోయాడు. హాబ్స్‌కి పొరుగువాడంటే భయం, లాక్‌కి ఏలేవాడంటే భయం. రెండు గళ్లలోనూ నేను ‘భయం’ అనే రాయాల్సింది. మనిషి వివేకి అని వాదించిన లాక్, ప్రభుత్వం మీద రాసిన రెండు వ్యాసాల పుస్తకాన్ని పేరు లేకుండా అచ్చేయించాడు. అది తనదేనని ఒప్పుకున్నది 1704లో, చనిపోయేముందు, వీలునామాలో.