మట్టి మోయు బరువు

నెల్లూరు నుండి గూడూరు దారిని పోవువారికి వెంకటాచలము తగులును. కృష్ణపట్నము రేవునకు పోవు రైలు శాఖ ఇచ్చటనే చీలును. ఓబులవారిపల్లె నుండి వచ్చు క్రొత్త మార్గము 2019లో ఇచ్చటనే కలిసెను. బొగ్గుబండ్లు నడచు ఈ కట్టల క్రింద వాననీరు దాటుటకు తూములుండును. బండిలో కూర్చున్నవారి కంటికి అవి కనబడవు. కాని బండి క్షేమము వానిపైననే ఆధారపడి యున్నది.

పూర్వము తూమనగా ఇటుక కమానో, రాతి కట్టడమో. అది తన బలముతో తానే బరువు మోయును. 1896లో అమెరికాలోని క్రాఫర్డ్స్‌విల్ పట్టణమున జేమ్స్ వాట్సన్, స్టాన్లీ సింప్సన్ అనువారు పలుచని ఇనుపరేకునకు ముడుతలు పెట్టి, గొట్టముగా చుట్టి, పేటెంటు పొందిరి. అది తేలిక, చవుక, ఒక్కపూటలో దింపవచ్చును. కాని ఇంత పలుచని రేకు కట్ట బరువును, దానిపై పోవు బండి బరువును ఎట్లు మోయును?

సమాధానము దొరకుటకు చాలకాలము పట్టెను. 1913లో అయోవా రాష్ట్ర కళాశాలలో ఆన్సన్ మార్స్టన్ పాతిన గొట్టములపై పడు బరువును లెక్కగట్టు సూత్రము ప్రకటించెను. గోతిలో పూడ్చిన మట్టి కుంగునపుడు గోతి ప్రక్కలు ఒరిపిడిచేత దానిని కొంత పట్టి ఆపునని ఆయన చూపెను. 1941లో ఆ కళాశాలవాడే యగు మెర్లిన్ స్పాంగ్లర్ ముడుతల గొట్టము సంగతి తేల్చెను. బరువు పడగనే గొట్టము నెత్తి కొంచెము కుంగి, ప్రక్కలు ఉబ్బును. ఉబ్బిన ప్రక్కలను చుట్టునున్న మట్టి తిరిగి నెట్టును. ఆ నెట్టుటయే గొట్టమును నిలుపును. కుంగుదల వ్యాసములో నూటికి 20 వంతులకు చేరినచో నెత్తి లోనికి తిరుగబడును. కావున 5 వంతులకు మించరాదను కట్టుబాటు ఏర్పడెను.

ఇది ఇంటిలోనే పరీక్షింపవచ్చును. రెండు కొనలును తెరచిన రేకు డబ్బాను నేలపై పరుండబెట్టి త్రొక్కిన చదునగును. దానినే ఇసుకలో పాతి, చుట్టును గట్టిగా కూరి, పైన జానెడు ఇసుక పోసి నిలుచున్న, మనిషిని మోయును. రేకు మారలేదు, ప్రక్కనున్న ఇసుకయే తోడైనది.

కావుననే ప్రక్కల మట్టిని పొరలు పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టుట రేకు దళసరికంటె ముఖ్యము. పైన మట్టి పలుచనైనచో చక్రపు బరువు చెదరక ఒక్కచోటనే పడును. తుప్పు రేకును తినును. నీరు ప్రక్క మట్టిని తినును. రెండవది మరింత ప్రమాదము, ఏలయన అది చాటున జరుగును.

నీరు మట్టిని తీసికొనిపోయిన ఏమగునో మనమెరుగుదుము. 2005 అక్టోబరు 29న నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద, చెరువులు తెగి వచ్చిన వరద చిన్న వంతెనను కొట్టుకొనిపోగా, డెల్టా పాసింజరు పడిపోయి నూరుమందికి పైగా మరణించిరి. 2021 నవంబరులో పెన్న పొంగి, నెల్లూరునకు ఉత్తరముననున్న పడుగుపాడు వద్ద రైలుకట్ట కోతపడెను, బండ్లు నిలిచిపోయెను. ఇవి ఇనుప గొట్టముల కథలు కావు. అయినను పాఠమొక్కటే: పట్టాలు చెక్కుచెదరకున్నను, క్రింది మట్టి పోయిన దారి లేదు.

వానరాత్రి దీపము చేతబట్టి కట్టవెంట గస్తీ తిరుగు మనిషి చూచునదియు ఆ మట్టినే. మన ఊరి బాట క్రింద ఇట్టి గొట్టమున్నచో, వానలు వెలిసిన పిదప మనమును ఒకమారు వంగి చూతము. గొట్టము గుండ్రముగనే యున్నదా? ప్రక్కన నీరు క్రొత్త దారి చేసికొన్నదా? చేసికొన్నదని తోచిన, బరువు బండి రాకముందే పంచాయతీవారికి తెలుపుట మేలు.