ఫిర్యాదు ఎవరికి? పరిహారం ఎక్కడ?

నాందేడ్ జిల్లాలో కిన్వట్‌ను ఆనుకొని ఉన్న ఊరు గోకుంద. 1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. ఇప్పుడు మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. గోకుంద రైతు ఒకరు ప్రకటన చూసి, ఆదిలాబాద్‌లో పత్తి విత్తనాలు కొన్నాడనుకోండి. అవి మొలవలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడానికి మన చట్టాలకు యాభై ఏళ్లు పట్టింది.

1969లో గుత్త వ్యాపారాల నియంత్రణ చట్టం వచ్చింది. ఆర్థికబలం కొద్దిమంది చేతుల్లో చేరకుండా చూడటం దాని ఉద్దేశం. మోసపు ప్రకటనల ఊసు అందులో లేదు. ఆ లోటును 1978లో జస్టిస్ సచార్ కమిటీ ఎత్తిచూపింది. 1984 సవరణతో తప్పుడు ప్రకటనలూ కమిషన్ విచారణ కిందికి వచ్చాయి. అయితే ప్రతి పొరపాటూ మోసం కాదు. నోవినో బ్యాటరీల ప్రకటన కేసులో 1989లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది.

ఆ కమిషన్ ఉన్నది ఢిల్లీలో. సామాన్యుడికి దగ్గరగా జిల్లా ఫోరాలను తెచ్చింది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ అమ్మినవారు ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాలన్న నియమం అప్పటికింకా ఉంది.

ఇక 2002 పోటీ చట్టం సంగతి. వ్యాపారులు కూడబలుక్కొని ధర పెంచినా, పెద్ద కంపెనీ తన బలాన్ని దుర్వినియోగం చేసినా అది చూస్తుంది. 2007 సవరణలో ‘ఫిర్యాదు’ అన్న మాట తీసేసి ‘సమాచారం’ అని పెట్టారు. ఈ చిన్న మార్పులోనే అసలు విషయం ఉంది. అక్కడ మీరు కబురు అందించేవారు మాత్రమే. జరిమానా పడితే ప్రభుత్వానికి పోతుంది. మీ నష్టానికి పరిహారం కావాలంటే, తప్పు తేలాక అప్పీలు ట్రిబ్యునల్‌ను వేరుగా కోరాలి. పాత గుత్త వ్యాపారాల చట్టం 2009లో రద్దయింది. తప్పుడు ప్రకటనల బాధ్యత వినియోగదారుల చట్టానిదే అయింది.

2020లో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం రెండు దారులు చూపింది. తప్పుడు ప్రకటనను ఆపించి, పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయడానికి కేంద్ర ప్రాధికార సంస్థ ఉంది. మీ సొంత నష్టానికి జిల్లా కమిషన్ ఉంది. అంతకన్నా ముఖ్యం, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఆదిలాబాద్‌లో కొన్న విత్తనాలపై గోకుంద రైతు నాందేడ్‌లోనే న్యాయం అడగవచ్చు.

కాబట్టి రసీదు, సంచి, ప్రకటన కాగితం భద్రంగా దాచుకోండి. గడువు రెండేళ్లు. ప్రకటన ఆగినంత మాత్రాన మీ నష్టం తీరదు. దాన్ని మీరే అడిగి తెచ్చుకోవాలి.