విరహమూ చరిత్రే

భావకవిత్వం పాఠం చెబుతుండగా వొక విద్యార్థి లేచి, "తన విరహం తాను యేడ్చుకునే కవితో మనకేం పని మాస్టారూ?" అని అడిగాడు. అభ్యుదయవాదులం చాలాకాలంగా వేస్తున్న ప్రశ్నే అది. దానికి సమాధానం వెతుకుతుంటే, బ్రిటిష్ రాక్ బృందం బ్లర్ 1999 మార్చిలో విడుదల చేసిన '13' అనే ఆల్బమ్ నాకు గుర్తుకు వచ్చింది.

గాయకుడు డేమన్ ఆల్బర్న్, ఎలాస్టికా బృందనాయకురాలు జస్టీన్ ఫ్రిష్‌మన్ యేళ్ల తరబడి కలిసి బతికి విడిపోయారు. ఆ యెడబాటే యీ పాటలకు మూలం. అయితే అవి యే కాలంలో పుట్టాయో కూడా చూడాలి. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ బృందాలు వొకేరోజున చెరొక పాట విడుదల చేస్తే, పత్రికలు దాన్ని దక్షిణాది మధ్యతరగతికీ వుత్తరాది శ్రామికులకూ మధ్య యుద్ధంగా చిత్రించాయి. బ్లర్ పాట 2,74,000, ఒయాసిస్ పాట 2,16,000 ప్రతులు అమ్ముడుపోయాయి. వర్గభేదం సైతం బజారు సరుకైంది! 1997లో అధికారానికొచ్చిన బ్లేర్ ప్రభుత్వం సంగీతకారులను విందుకు పిలిచింది. మరుసటి యేడే విద్యార్థులపై యేటా 1000 పౌండ్ల దాకా ఫీజు విధించే చట్టం చేసింది. ఆ సంబరం వెలసిపోతున్న రోజుల్లో తయారైంది '13'.

మొదటి పాట 'టెండర్' యేడు నిమిషాలకు పైగా సాగుతుంది. వొంటరి గొంతుకు లండన్ కమ్యూనిటీ గాస్పెల్ కోయిర్ వంత పాడుతుంది. ఆ బృందగాన సంప్రదాయానికి మూలాలు అమెరికాలో బానిసత్వం అనుభవించిన నల్లజాతి ప్రజల గానంలో వున్నాయి. తన దుఃఖాన్ని తానొక్కడే మోయలేనివాడు, అంతకన్న పెద్ద దుఃఖాన్ని మోసినవారి బాణీని ఆశ్రయించాడు. 'కాఫీ అండ్ టీవీ'లో గిటారిస్టు గ్రాహమ్ కాక్సన్ తాగుడుతో తన పెనుగులాటను చెప్పుకున్నాడు. చివరిదానికి ముందు పాట 'నో డిస్టెన్స్ లెఫ్ట్ టు రన్'లో నింద లేదు, నటన లేదు; ముగింపును వొప్పుకోవడం మాత్రమే వుంది.

లోపాలూ చెప్పాలి. యిక్కడ మనం వినేది పురుషుడి పక్షమే. 1995లోనే తన బృందపు ఆల్బమ్‌ను బ్రిటన్‌లో ప్రథమస్థానానికి చేర్చిన స్త్రీ, యీ పాటల్లో కేవలం వెళ్లిపోయిన ప్రియురాలు. '13' కూడా అదే బజారులో ప్రథమస్థానం పొందింది.

అయినా ఆ విద్యార్థికి నేనిచ్చే జవాబు యిదే: కవి యేడ్చాడా లేదా అన్నది కాదు మన విచారణ. ఆ యేడుపుకు భాష యెవరిచ్చారు, అందులో యెవరి గొంతు వినబడలేదు అని అడుగుదాం. అలా అడిగితే విరహం కూడా చరిత్ర చెబుతుంది.