సంతకమా, నిశానీయా?

కార్డిఫ్‌లో పనిచేసిన రెండేళ్ళూ నా పక్క సీట్లో కూర్చున్న వెల్ష్ మిత్రుడు తన ముత్తాతకి తాత ఎక్కడివాడో వెతుకుతుండేవాడు. ఐర్లండ్ నుంచి వచ్చిన నావికుడు. సొంతూరు వెక్స్‌ఫర్డ్ అని వాళ్ళమ్మ గట్టి నమ్మకం. ఆవిడకి వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. డేటాబేసులతో బతికేవాణ్ణి కదా, ఓ వీకెండ్ పనే అనుకుని నేనూ దిగాను.

1841 జనాభా లెక్కల్లో కుర్రవాడిగా దొరికాడు. పుట్టిన చోటు దగ్గర ‘ఐ’ అని ఒక్క అక్షరం. అంటే ఐర్లండ్. అంతే. 1851 నుంచి ఊరి పేరు కూడా రాయమన్నారు గానీ, బయట పుట్టినవాళ్ళకి దేశం పేరు చాలన్నారు.

పోనీ ఐర్లండ్ వైపు నుంచి వెతుకుదామా అంటే, 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డాఫీసు తగలబడి, 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగు లెక్కలూ దాదాపుగా బూడిదయ్యాయి. నాకు ఇంకా కోపం తెప్పించింది ఏంటంటే, 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాగితం గుజ్జుకి పంపింది. కాథలిక్కుల పుట్టుకలు ప్రభుత్వ రిజిస్టర్లోకి ఎక్కడం మొదలైందే 1864లో.

ఇక్కడి బతుకు మాత్రం ఊహకందుతుంది. 1839లో తెరిచిన బ్యూట్ వెస్ట్ డాక్ తవ్వినవాళ్ళలో ఐరిష్ కూలీలు చాలామంది. తర్వాత బంగాళాదుంప కరువులో, ఐర్లండులో బొగ్గు దింపి ఖాళీగా తిరిగొచ్చే ఓడలు, ఒరిగిపోకుండా వేసుకునే రాళ్ళకి బదులు మనుషుల్ని ఎక్కించుకునేవి. డాక్ పక్కన న్యూటౌన్ అనే పేటలో వాళ్ళ కాపురాలు. జనం దాన్ని లిటిల్ ఐర్లండ్ అనేవారు. 1960లలో కూల్చేశారు.

దారి దొరికింది నావికుల టికెట్లలో. యుద్ధమొస్తే నేవీకి మనుషులు కావాలి కాబట్టి, 1845 నుంచి 1853 దాకా బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో పనిచేసేవాళ్ళు టికెట్ తీసుకోవాల్సి వచ్చింది. అందులో పుట్టిన ఊరు, తేదీ, ఎత్తు, జుట్టు, కళ్ళ రంగు, పచ్చబొట్లు, మచ్చలు, రాయడం వచ్చా రాదా, అన్నీ ఉంటాయి. (1860 నుంచి మద్రాసు మీదుగా నేటాల్ వెళ్ళిన మన కూలీల ఓడ జాబితాల్లోనూ పుట్టుమచ్చల గడి ఉంటుంది. ఇది చూస్తుంటే అదే గుర్తొచ్చింది.)

చిక్కేమిటంటే అదే పేరుతో, ఇంచుమించు అదే వయసుతో ఇద్దరు తేలారు. ఒకడు వెక్స్‌ఫర్డ్, రాయడం వచ్చు. ఇంకొకడు కార్క్ కౌంటీలోని కిన్‌సేల్, రాదు. 1850 నాటి పెళ్ళి సర్టిఫికెట్‌లో తండ్రి పేరుంది, పుట్టిన ఊరు లేదు. టికెట్లో ఊరుంది, తండ్రి పేరు లేదు. రెండు టేబుల్స్‌ని కలిపే కాలమే లేదన్నమాట.

అయితే సర్టిఫికెట్‌లో సంతకం చోట ఇంటూ గుర్తు ఉంది. నిశానీ! కాబట్టి కిన్‌సేల్ మనిషే అన్నాను. మిత్రుడి మొహం వాడిపోయింది. అమ్మ డెబ్భయ్యేళ్ళ నమ్మకం కదా. కాసేపయ్యాక పెళ్ళికూతురి గడి చూపించాడు. అక్కడా నిశానీయే. “ఆమెకి రాయడం రాదు. ఆమె పక్కన తను దర్జాగా సంతకం పెట్టడం ఇష్టంలేక ఈయనా గీత కొట్టాడేమో,” అన్నాడు. అలా చేసే పెళ్ళికొడుకులు ఉండేవారని తర్వాత చదివాను. అయినా అది సాక్ష్యం కాదు, ప్రేమ అన్నాను. తేడా ఏంటన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తేల్చగలిగేది ఇంకొకటి ఉంది. 1871 లెక్కల రాత్రి ఆయన ఓడ మీదే ఉన్నాడు కాబట్టి ఓడ పేరు దొరికింది. ఆ కాలపు ఓడ ఒప్పందాల్లో ప్రతి నావికుడూ పుట్టిన ఊరు చెప్పి, సంతకమో నిశానీయో పెట్టాలి. బ్రిటన్‌లో చోటు చాలక వాటిలో డెబ్భై శాతం దాకా కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీకి తరలించారు. నేను హైదరాబాద్ వచ్చేసే వారంలో మిత్రుడు ఆ కాపీ కోసం డబ్బు కట్టాడు. అమ్మకి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.