షాంక్లీయా, పెయిస్లీయా?

పోయిన చలికాలం ఒక రాత్రి మా వార్డులో ఇద్దరు పెద్దవాళ్లకి నిద్ర పట్టలేదు. పక్కపక్క మంచాలు. ఒకాయనకి తుంటి ఆపరేషనై మూడో రోజు, ఇంకొకాయనకి మోకాలు. రెండింటప్పుడు బీపీ చూద్దామని వెళితే ఇద్దరూ గుసగుసగా వాదించుకుంటున్నారు. ఎనభైకి దగ్గరపడ్డ మనుషులు, అర్ధరాత్రి, నొప్పి మాత్రల మత్తులో. తగువు దేనికంటే, లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇన్నేళ్లలో అందరికంటే గొప్ప మేనేజర్ ఎవరని.

"షాంక్లీ. ఇక మాట్లాడకు" అన్నాడు తుంటి ఆయన.

"కప్పులు లెక్కపెట్టు. పెయిస్లీ" అన్నాడు మోకాలాయన.

నన్ను చూడగానే తీర్పు నా మీదికి నెట్టారు. "నువ్వు చెప్పు, లవ్." ఈ ఊళ్లో "లవ్" అంటే మనవైపు పెద్దవాళ్లు "అమ్మా" అని పిలిచినట్టే.

నేను ఈ ఊరొచ్చింది 2007లో, సికింద్రాబాద్ నుంచి, నర్సు ఉద్యోగం మీద. ఇంగ్లండు చరిత్ర నాకు పుస్తకాల్లోంచి రాలేదు. డ్రెస్సింగులు మారుస్తూ, బీపీలు చూస్తూ, ఇలాంటి పెద్దవాళ్ల దగ్గర వినీ వినీ వచ్చింది. వాళ్లు రాజుల పేర్లతో, ప్రధానమంత్రుల పేర్లతో కాలాన్ని కొలవరు. "అది షాంక్లీ రోజుల్లో", "డల్‌గ్లీష్ ఉన్నప్పుడు మా అబ్బాయి పుట్టాడు" అంటారు. కాబట్టి మీకూ ఆ వరసలోనే చెప్తాను.

ముందొక మాట. మనకి మేనేజర్ అంటే బ్యాంకులో ఉండేవాడు. క్రికెట్ టీమ్ ఓడితే మనం కెప్టెన్ని తిడతాం. ఇక్కడి ఫుట్‌బాల్‌లో ఆ మంచీ చెడూ మేనేజర్‌వి. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని కొనాలో ఆయనే చూసుకునేవాడు. వాన పడుతున్నా గీత అవతల నిలబడి అరిచేదీ ఆయనే. గెలిస్తే పాటలు కడతారు, నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే ఇంటికి పంపుతారు.

లివర్‌పూల్ రేవు పట్నం. 18వ శతాబ్దం చివరికి ఐరోపా మొత్తంలో బానిసల వ్యాపారానికి ఇంతకు మించిన రేవు లేదు. 1807లో ఆ వ్యాపారాన్ని చట్టం ఆపేశాక పత్తి ఊరిని నిలబెట్టింది. అమెరికా పత్తి, అక్కడ అంతర్యుద్ధం వచ్చినప్పుడు మన దేశపు పత్తి, ఇక్కడ దిగి లాంకషైర్ మిల్లులకి వెళ్లేది. 1847లో, ఐర్లండు కరువు ముదిరిన ఏడాది, సుమారు మూడు లక్షల మంది ఐరిష్‌వాళ్లు ఆకలితో ఈ రేవులో దిగారు. వాళ్లలో చాలామంది అమెరికా ఓడలెక్కారు, కదలలేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడి మాట యాసలో, పేర్లలో, పెత్తందారంటే పడని స్వభావంలో ఇప్పటికీ ఆ ఐర్లండు కనిపిస్తుంది. నా పేషంట్లలో సగం మంది ముత్తాతలు ఆ పడవలు దిగినవాళ్లే.

క్లబ్బు పుట్టింది అద్దె గొడవలో. ఆన్‌ఫీల్డ్ మైదానంలో ముందు ఆడింది ఎవర్టన్ అనే టీమ్. స్థలం ఆసామి జాన్ హౌల్డింగ్‌తో పేచీ వచ్చి వాళ్లు పార్కు అవతలికి వెళ్లిపోతే, మైదానం ఖాళీగా మిగిలింది. ఆయన 1892లో ఇంకో టీమ్ పెట్టాడు. అదే లివర్‌పూల్. అప్పటినుంచీ ఒకే ఇంట్లో అన్న లివర్‌పూల్ ఎరుపు, తమ్ముడు ఎవర్టన్ నీలం.

ఆన్‌ఫీల్డ్‌లో ఒక గోల్ వెనకాల ఉన్న గ్యాలరీ పేరు కాప్. ఆ పేరెక్కడిదో తెలిసిన రోజు నాకు ఒళ్లు జలదరించింది. దక్షిణాఫ్రికాలో స్పియన్ కాప్ అనే గుట్ట మీద 1900 జనవరిలో బోయర్లతో యుద్ధం జరిగింది. ఇంగ్లండులో ఈ ప్రాంతపు రెజిమెంట్ల కుర్రాళ్లు వందల్లో చచ్చిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా 1906లో కట్టిన గ్యాలరీకి ఆ గుట్ట పేరు పెట్టారు. అదే గుట్ట నుంచి గాయపడ్డవాళ్లని డోలీల్లో మోసుకొచ్చినవాళ్లలో మన గాంధీగారు ఉన్నారు. ఆయన కూడగట్టిన అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉంటే, ఎక్కువమంది నెటాల్ చెరుకుతోటల ఒప్పంద కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కి నెటాల్ చేరిన ఆ కూలీ జనంలో మన తెలుగువాళ్లు ఎందరో. మోకాలాయన తాతగారి అన్న ఆ గుట్ట మీదే పోయాడట. ఆయన్ని మోసింది ఎవరో నాకు తెలియదు. తెలియకపోయినా, ఆ మాట విన్నాక ఆయన చెయ్యి ఇంకాస్త సేపు పట్టుకున్నాను.

ఇక బిల్ షాంక్లీ. స్కాట్లండులో గ్లెన్‌బక్ అనే బొగ్గుగనుల పల్లెవాడు. చిన్న వయసులోనే గనిలో పనిచేశాడు. 1959 డిసెంబరులో ఇక్కడికొచ్చేసరికి లివర్‌పూల్ రెండో డివిజన్‌లో పడి ఉంది. 1962లో పైకి తెచ్చాడు. 1964లో, 66లో, 73లో లీగ్ గెలిపించాడు. క్లబ్బు అంతకుముందెప్పుడూ గెలవని ఎఫ్ఏ కప్పుని 1965లో తెచ్చాడు. ఇవి లెక్కలు. తుంటి ఆయన చెప్పింది ఇంకొకటి. ఆయన పద్నాలుగేళ్ల కుర్రాడిగా ఉత్తరం రాస్తే షాంక్లీ తన టైపు మిషను మీద తనే జవాబు కొట్టి పంపాడట. ఆ కాయితం ఇప్పటికీ ఇంట్లో బీరువాలో ఉందట. రేవు కూలీల ఊరికి గనికూలీ పెద్దదిక్కయ్యాడు. అందరూ ఒకరికోసం ఒకరు పనిచేసి, ఫలితం అందరూ పంచుకోవాలన్నది ఆయన నమ్మకం. ఆటా అలాగే ఆడాలనేవాడు, బతుకూ అలాగే ఉండాలనేవాడు. 1974లో ఉన్నట్టుండి దిగిపోతే ఊరు ఊరంతా దిగాలుపడింది.

ఆయన జాగాలోకి వచ్చింది బాబ్ పెయిస్లీ. డరమ్ జిల్లాలో బొగ్గుగనుల ఊరివాడు, తాపీపని నేర్చుకున్నవాడు. 1939లో ఆటగాడిగా క్లబ్బులో చేరి, యుద్ధానికి వెళ్లొచ్చి, తర్వాత గాయాలు చూసే ట్రైనరుగా ఉండిపోయాడు. కుంటుతున్న ఆటగాణ్ని దూరం నుంచి చూసి గాయం ఎక్కడో చెప్పేవాడంటారు. ఆన్‌ఫీల్డ్‌లో బూట్లు పెట్టుకునే ఇరుకు గదిలో కూర్చుని ఆయనా, జో ఫేగనూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ ఆట గురించి మాట్లాడుకునేవారు. బూట్ రూమ్ అంటే అది. మాటకారి కాదు, మేనేజర్ పదవి వద్దన్నవాడు. అలాంటి మనిషి తొమ్మిదేళ్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు తెచ్చాడు. 1977లో మొదటిది గెలిచింది రోములో. 1944లో ఆ నగరానికి విముక్తి కలిగినప్పుడు అక్కడికి సైనికుడిగా వెళ్లినవాడే, ముప్పై మూడేళ్ల తర్వాత కప్పు పట్టుకున్నాడు.

మొక్క నాటినవాడు గొప్పా, కాయలు కోసినవాడు గొప్పా? ఆ రాత్రి పంచాయితీ అది. కోయడమంటే మాటలా, కొమ్మ విరక్కుండా కోయాలి అంటాడు మోకాలాయన. నేలే లేని చోట నాటాడు కదా అంటాడు తుంటి ఆయన. నా ఓటు షాంక్లీకి వేశాను. కప్పుల కోసం కాదు. దిక్కులేని ఊరికి తలెత్తుకు తిరగడం నేర్పాడని.

ఆ తలెత్తుకోవడం ఎందుకు అవసరమైందంటే, పెయిస్లీ కప్పులు తెస్తున్న ఆ ఏళ్లలోనే ఊరు ఎండిపోతూ వచ్చింది. సరుకు కంటెయినర్లలో రావడం మొదలైంది, వ్యాపారం యూరప్ వైపు రేవులకి మళ్లింది, డాకుల్లో పని పోయింది. 1930ల్లో ఎనిమిదిన్నర లక్షలున్న జనాభా 2001 నాటికి నాలుగు లక్షల నలభై వేలకి దిగిపోయింది. 1981 జూలైలో టాక్స్‌టెత్‌లో, నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటలో, పోలీసుల వేధింపులకి విసిగి జనం తిరగబడ్డారు. అప్పుడు లండన్‌లో ఆర్థికమంత్రి జెఫ్రీ హౌ, ఈ ఊరి మీద డబ్బు పోయడం దండగ, మెల్లగా కుదించుకుపోనిద్దామా అన్న ఆలోచన ప్రధానమంత్రి థాచర్ ముందు పెట్టాడు. మైకేల్ హెసెల్టైన్ అనే మంత్రి అడ్డుపడ్డాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కాగితాలు బయటికొచ్చినప్పుడు ఇక్కడెవ్వరూ ఆశ్చర్యపోలేదు. మాకు అప్పుడే తెలుసు అన్నారు.

ఈ ఊరి తప్పు కూడా చెప్పాలి. 1985 మే 29న బ్రసెల్స్‌లో హెయ్‌సెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు యువెంటస్ అభిమానుల మీదికి దూసుకెళితే, గోడ కూలి, తొక్కిసలాటలో 39 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇటలీవాళ్లు. పెయిస్లీ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన జో ఫేగన్‌కి మేనేజర్‌గా అదే ఆఖరి మ్యాచ్. విమానం దిగుతూ ఏడుస్తున్న ఆయన ఫొటో చూశాను. దాని గురించి ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడతారు.

తర్వాత నాలుగేళ్లకి హిల్స్‌బరో. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్ నగరంలో ఆ పేరు స్టేడియంలో లివర్‌పూల్ ఆడిన ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. బయట జనం పెరిగిపోతే పోలీసులే గేటు తెరిపించారు, అప్పటికే నిండిపోయిన ఇనప కంచెల దొడ్లలోకి దారి మూయలేదు. ముందున్నవాళ్లు కంచెకి నలిగిపోయారు. మూడూ ఆరుకి ఆట ఆపేసరికే ఆలస్యమైపోయింది. మొత్తం 97 ప్రాణాలు. ఆఖరిది, ఆనాటి గాయంతోనే మంచాన పడి 2021లో పోయింది. నాలుగో రోజున సన్ పత్రిక మొదటి పేజీలో, 'నిజం' అని పెద్దక్షరాలు వేసి, అభిమానులు శవాల జేబులు కొట్టారని రాసింది. అబద్ధం. పోలీసుల వాంగ్మూలాలు 164 దిద్దారని 2012లో తేలింది. చనిపోయినవాళ్లని చట్టవిరుద్ధంగా చంపినట్టేనని, అభిమానుల తప్పు లేదని జ్యూరీ చెప్పడానికి 2016 వచ్చింది. ఇరవై ఏడేళ్లు. ఆ మర్నాడు సెయింట్ జార్జ్ హాలు ముందు వేలమందిలో నేనూ నిలబడ్డాను. నా ముందున్న ఆవిడ చేతిలో పాఠశాల యూనిఫామ్ వేసుకున్న అబ్బాయి ఫొటో ఉంది. రంగు వెలిసిపోయింది.

హిల్స్‌బరో నాడు మేనేజర్ కెన్నీ డల్‌గ్లీష్. ముప్పై ఎనిమిదేళ్లవాడు. అంత్యక్రియలు ఎన్నిటికో వెళ్లాడు, ఒక్కరోజున నాలుగిటికి. ఆన్‌ఫీల్డ్ తలుపులు తెరిచి కుటుంబాలతో కూర్చున్నాడు. 1991 ఫిబ్రవరిలో ఇక నావల్ల కాదని దిగిపోయాడు. నేను నర్సుని. ఇతరుల దుఃఖం రోజూ మోస్తే మనిషి లోపల ఏమవుతుందో నాకు తెలుసు.

నేనొచ్చిన మొదటి నెలలో మా వీధి చివర షాపులో సన్ పత్రిక అడిగాను, ఇంగ్లీషు తేలికగా ఉంటుందని ఎవరో చెప్తే. కౌంటర్ వెనక పెద్దావిడ కోప్పడలేదు. "అది మేం అమ్మం, లవ్" అని, నా చిల్లర నాకు తిరిగి నా అరచేతిలోనే పెట్టి, వేళ్లు మూసింది. కారణం చెప్పలేదు. కారణం నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇది తెలిస్తేగానీ "అందరికంటే చెడ్డ మేనేజర్ ఎవరు" అన్న రెండో తగువు అర్థం కాదు. ఆ రాత్రి దాని మీదికీ వచ్చాం. బయటివాళ్లెవరైనా రాయ్ హాడ్జ్‌సన్ పేరు చెప్తారు. 2010 జూలై నుంచి 2011 జనవరి దాకా, 31 మ్యాచ్‌లే. నాలుగో అంచె జట్టు నార్తాంప్టన్ చేతిలో సొంతగడ్డ మీద ఓడారు. అక్టోబరు నాటికి అట్టడుగు జట్ల మధ్యలో ఉన్నారు. అయినా ఆయన మీద వీళ్లిద్దరికీ పెద్ద కోపం లేదు. అప్పుడు క్లబ్బే అప్పుల్లో మునిగి, యజమానుల గొడవ కోర్టుకెక్కి ఉంది. "పాపం, తప్పుడు కాలంలో వచ్చాడు" అన్నాడు మోకాలాయన.

గ్రేయం సూనెస్ పేరు వచ్చేసరికి ఇద్దరూ ఒక నిమిషం మాట్లాడలేదు. పెయిస్లీ కాలంలో అంత గొప్ప ఆటగాడు, కెప్టెన్, మూడు యూరోపియన్ కప్పుల మనిషి. 1991లో మేనేజర్‌గా వచ్చాడు. 92లో ఎఫ్ఏ కప్పు కూడా గెలిచాడు. కానీ ఆ ఏప్రిల్‌లో గుండె ఆపరేషను చేయించుకుని, ఆ కథ సన్ పత్రికకి ఇచ్చాడు. ఆస్పత్రి ఫొటోతో అది అచ్చయిన రోజు ఏప్రిల్ 15. హిల్స్‌బరో మూడో సంవత్సరీకం. తర్వాత చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు, అప్పుడే రాజీనామా చేయాల్సిందనీ అన్నాడు. తుంటి ఆయన మేనల్లుడు హిల్స్‌బరోలో కంచె పైనుంచి లాగితే బతికినవాడు. "ఆయన్ని నేనేనాడో క్షమించాను" అన్నాడాయన. కాసేపాగి, "కానీ ఆ పేపరు చూసిన పొద్దున నాకు గుర్తుంది" అన్నాడు.

రఫా బెనితెజ్ గురించి ఇద్దరికీ ఒకటే మాట. 2005లో ఇస్తాంబుల్‌లో 0–3తో వెనకబడి కప్పు గెలిపించాడు, అది లోకమంతా చూసింది. 2010లో పంపించేసినప్పుడు వెళ్తూ వెళ్తూ హిల్స్‌బరో కుటుంబాల సంఘానికి 96,000 పౌండ్లు ఇచ్చాడు, అప్పటి లెక్కన పోయినవాళ్లు 96 మంది. వీళ్లు మొదట చెప్పుకునేది ఆ రెండోది. ముప్పై ఏళ్ల తర్వాత 2020లో లీగ్ తెచ్చిన యుర్గన్ క్లాప్‌ని మా వార్డు అమ్మాయిలు షాంక్లీ పక్కన కూర్చోబెడతారు. పెద్దవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు.

తెల్లారుతుండగా తుంటి ఆయన అడిగాడు, "మీ ఊళ్లో ఎవరు మరి?"

సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పాను. హైదరాబాద్‌లో బడి పంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని తయారుచేశాడు, తర్వాత ఇండియా జట్టుని. 1951లో ఏషియన్ గేమ్స్ బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా. మా అమ్ముగూడ బలరామ్ లాంటి కుర్రాళ్లు ఆయన చేతికింద ఆడినవాళ్లే. 1962లో జకార్తాలో, ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని, ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1తో గెలిపించాడు. తర్వాతి ఏడాది జూన్‌లో పోయాడు.

"క్యాన్సర్‌తోనా? ఆటగాళ్లకి తెలుసా?" అన్నాడు మోకాలాయన, మంచం మీద కాస్త లేచి కూర్చుంటూ.

తుంటి ఆయన బల్ల మీద టిఫిన్ మెనూ చీటీ ఉంటే వెనక్కి తిప్పి, నా జేబులో పెన్ను అడిగి తీసుకున్నాడు. పేరు రాయమన్నాడు. ఇంగ్లీషులో రాశాను. "మీ అక్షరాల్లో కూడా" అన్నాడు. కింద తెలుగులో రాశాను. ఇద్దరూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని ఆ పేరు పలకడం రెండు మూడు సార్లు ప్రయత్నించారు. తర్వాత ఆయన ఆ చీటీ మడిచి కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు.