పావురం చెప్పిన పాఠం

అప్పుడే తెల్లారింది. అమెరికాలోని మిన్నెసోటా. మోకాలెత్తు గడ్డి మంచుకి తడిసి వంగిపోయింది. పడమటి గాలి మెల్లగా వీస్తోంది. ఆ గడ్డిలో ఎక్కడో స్ప్రింగ్ పెట్టె ఉంది. అందులో పావురం. పెట్టె తెరిచే రిమోట్ ముసలి శిక్షకుడి గుప్పిట్లో ఉంది. బండి తలుపు తెరుచుకుంది.

కుక్కపిల్ల దూకింది. ఏడు నెలల జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్. గరుకు జుట్టు, గోధుమరంగు మూతి. మెడపట్టీకి కట్టిన పొడుగాటి తాడు కొస యజమానురాలి చేతిలో ఉంది.

"పిలవకు. అదిలించకు. నోరే ఎత్తకు," అన్నాడు శిక్షకుడు.

ఆమె అరచేతికి చెమట పట్టింది.

పిల్ల గాలికి అడ్డంగా పరుగుతీసి, కుడికి తిరిగి, ఎడమకి తిరిగి, పిచ్చుకల్ని తరిమి, ఓ పుల్లని కొరికి వదిలేసి, మళ్లీ గడ్డిలోకి దూరి, ఉన్నట్టుండి ఎవరో ముక్కు పట్టి లాగినట్టు తల పక్కకి తిప్పి, ముందుకాలు గాల్లోనే ఉంచేసి, తోక బిగించి, నిలబడిపోయింది.

ఒక్క క్షణం. ఆ కాలు నేలకి ఆనింది. ఒక దొంగ అడుగు పడింది. ఇంకొకటి లేచింది.

రిమోట్ నొక్కాడు.

టపటపమంటూ పావురం పైకి లేచింది. పిల్ల ఎగిరి దూకింది. దొరకలేదు. దొరకకూడదు కూడా! ఒక్కసారి పంటికి చిక్కితే ఆ కుక్క ఇక ఆగదు. కదిలితే పక్షి పోతుంది, ఆగితే ఉంటుంది. ఈ సంగతి మనిషి ఎంత అరిచినా కుక్కకి ఎక్కదు. పావురమే చెప్పాలి. అది గూటి దారి తెలిసిన పావురం. రేపు మళ్లీ పనికొస్తుంది.

ఈ జాతి కుక్క పొలంలో పక్షిని పసిగట్టాలి, నేల మీద జాడ పట్టాలి, నీళ్లలో ఈదాలి. ఇలాంటి కుక్కల కోసమే 1969లో నావ్డా అనే సంఘం పుట్టింది. 16 నెలలలోపు పిల్లలకి అది సహజ సామర్థ్య పరీక్ష పెడుతుంది. ఆ పరీక్షలో తుపాకి కూడా పేలుతుంది.

ఈ పిల్ల పోయిన నెలలో ఉరుముకి మంచం కింద దూరింది.

"ఇవాళే పేల్చాలా?" ఆమె గొంతు వణికింది.

శిక్షకుడు మాట్లాడలేదు. ఖాళీ తూటాల పిస్తోలు పట్టుకున్న సహాయకుణ్ణి దూరంగా పొమ్మని చెయ్యి ఊపాడు. రెండో పెట్టె దగ్గర పిల్ల మళ్లీ బిగుసుకుంది. ఈసారి అడుగు పడలేదు. పావురం లేచింది. పిల్ల వెంటపడింది.

ఢాం!

చెవి ఒక్కసారి అదిరింది. అంతే. చూపు పావురం మీదే ఉంది. పరుగు తగ్గలేదు.

"చాలు. నీళ్లు పట్టు," అన్నాడు శిక్షకుడు. రెండో తూటా పేల్చనివ్వలేదు.

అలవాటు చేద్దామని పిల్ల చెవి పక్కనే తుపాకి పేల్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పక్షి మీద పిచ్చి ముదిరాకే తూటా, అదీ దూరం నుంచి. తుపాకి మోతకి బెదిరిపోయే కుక్క మిగతా అన్నిటిలో మెరిసినా, నావ్డా పరీక్షలో దానికి బహుమతి ఇవ్వరు.